గడ్డ నుంచి బీజందాకా: లెరాయ్ స్టీవెన్స్ పనితనం

పొగాకు కంపెనీ ఇచ్చిన డబ్బుతో మొదలైన పని అది. సిగరెట్లో ఒంటికి చేటు చేసేది పొగాకా, దాన్ని చుట్టిన కాగితమా అన్నది ఎలుకల మీద తేల్చాలి. 1950ల మొదట్లో, అమెరికా ఈశాన్య కొసన మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్ అనే చిన్న ఊళ్లో, జాక్సన్ ప్రయోగశాలలో అప్పుడే చేరిన లెరాయ్ స్టీవెన్స్‌కు ఆ పని అప్పగించారు. ఆయన రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పూర్తిచేసి వచ్చారు. పిండం ఎలా పెరుగుతుందన్నది ఆయనకు ఇష్టమైన విషయం. సిగరెట్ పనిలో ఉండగానే 129 అనే వంశానికి చెందిన ఒక మగ ఎలుక వృషణం బాగా ఉబ్బి ఉండటం ఆయన కంటపడింది. కోసి చూశారు. లోపల మెత్తటి ఎముక, కండరం, నరాల కణజాలం, పేగు లోపలి పొరలాంటి పొర కనిపించాయి. ఒక పద్ధతీ వరసా లేకుండా అన్నీ ఒకే ముద్దలో కలగాపులగంగా ఉన్నాయి.

ఆ వాపుకూ పొగాకు ప్రశ్నకూ ఏ సంబంధమూ లేదు. ఎవరైనా సరే ఒక చీటీ రాసి పక్కన పెట్టి అసలు పనిలో పడిపోతారు. స్టీవెన్స్ ఆ వాపునే పట్టుకున్నారు, ఉద్యోగం నుంచి విరమించేదాకా దాన్ని వదల్లేదు. ఈరోజు మూలకణాల శాస్త్రంగా మనం చెప్పుకునేదానిలో పెద్ద భాగం ఆ పట్టుదలలోంచి వచ్చింది. మార్టిన్ ఎవాన్స్ పేరు, షిన్యా యమనాక పేరు చదువుకున్నవాళ్లకు తెలుసు. స్టీవెన్స్ పేరు జీవశాస్త్రం చదివినవాళ్లలోనే చాలామందికి తెలియదు. ఆ లోటు తీర్చాలన్న కోరిక ఈ వ్యాసానికి ఒక కారణమైతే, ఆయన ప్రయోగాలు అల్లుకున్న తీరు మీద నాకున్న గౌరవం రెండో కారణం.

ఇలాంటి గడ్డను టెరటోమా అంటారు. మనుషుల్లోనూ వస్తుంది. ఆడవాళ్ల అండాశయాల్లో వచ్చే డెర్మాయిడ్ గడ్డలు మన ఆసుపత్రుల్లో స్త్రీవైద్యులకు బాగా తెలిసినవే. కోస్తే లోపల వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు ఉంటాయి. వైద్యులు ఎంతో కాలంగా వీటిని చూసి ఆశ్చర్యపోతున్నారు. తల్లి కడుపులో కవలబిడ్డలు ఒకరిలో ఒకరు కలిసిపోయారని కొందరు, పిండంలోని కణాలు దారితప్పి ఎక్కడో చిక్కుకుపోయాయని కొందరు, బీజకణాలే తమంతట తాము పెరగడం మొదలుపెట్టాయని కొందరు ఊహించారు. తేల్చుకునే దారి మాత్రం ఎవరికీ లేకపోయింది. గడ్డ మనిషికి తెలిసేసరికే అది ముదిరి ఉంటుంది. అది ఎప్పుడు, ఏ కణంలో మొదలైందో వెనక్కి వెళ్లి చూడలేం. మనుషుల్లో వందల గడ్డల్ని కోసినా అన్నీ కథ చివరి పేజీలే.

అందుకే ఎలుకలో, అదీ 129 వంశపు ఎలుకలో, ఇది కనిపించడం చాలా పెద్ద విషయం. దాని విలువ తెలియాలంటే జాక్సన్ ప్రయోగశాల గురించి కాస్త చెప్పాలి. 1929లో క్లారెన్స్ కుక్ లిటిల్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు డెట్రాయిట్ కార్ల వ్యాపారుల సాయంతో దాన్ని పెట్టారు. అన్నాచెల్లెళ్లను జత కలుపుతూ తరం తర్వాత తరం పెంచితే, ఇరవై తరాలు దాటేసరికి ఆ వంశంలోని ఎలుకలన్నీ జన్యువుల్లో దాదాపు ఒకేలా తయారవుతాయి. అలాంటి మొట్టమొదటి వంశాన్ని 1909లో మొదలుపెట్టింది లిటిలే. 129 వంశాన్ని 1928లో ఎల్. సి. డన్ అనే ఆయన రూపొందించారు. ఇంగ్లండులో సరదాకి రంగురంగుల ఎలుకల్ని పెంచేవాళ్ల దగ్గర్నుంచి వచ్చిన ఎలుకలు దాని పూర్వీకుల్లో ఉన్నాయి. ఇలాంటి వంశంలో ఒక ఎలుక ఒంట్లోని ముక్కను తీసి ఇంకో ఎలుకలో నాటితే ఒళ్లు దాన్ని పరాయిదని తోసెయ్యదు. స్టీవెన్స్ చేసిన పనంతా ఈ ఒక్క సదుపాయం మీద నిలబడింది.

1947 అక్టోబరులో బార్ హార్బర్‌ను పెద్ద కార్చిచ్చు చుట్టుముట్టింది. ప్రయోగశాల కాలిపోయింది, ఎలుకలు చచ్చిపోయాయి. అంతకుముందు జాక్సన్ వాళ్లు అడిగినవాళ్లందరికీ తమ ఎలుకల్ని పంపి ఉండటంతో, తీసుకున్నవాళ్లు వాటి సంతతిని తిరిగి పంపించారు. వంశాలు మళ్లీ నిలబడ్డాయి. ఇచ్చినవాళ్లకు దక్కింది. స్టీవెన్స్ చేరేసరికి ఆ ఇంటి అలవాటు అది, ఆయన దాన్ని జీవితాంతం పాటించారు.

1954లో స్టీవెన్స్, లిటిల్ కలిసి తొలి పత్రం అచ్చువేశారు. 129 వంశపు మగ ఎలుకల్లో సుమారు నూటికి ఒకదానికి పుట్టుకతోనే వృషణాల్లో టెరటోమా ఉంటోందన్నది అందులోని సారాంశం. నూటికి ఒకటి అంటే పరిశోధకుడికి చాలా ఇబ్బందికరమైన లెక్క. యాదృచ్ఛికమని కొట్టిపారేయడానికి వీల్లేదు, చేతినిండా పని చేసుకోవడానికి చాలదు. ఒక్క గడ్డను చూడాలంటే వంద మగ ఎలుకల్ని పెంచి చూసుకోవాలి. 129 వంశం అప్పటికే ఇరవై అయిదేళ్లుగా ఉంది. ఈ వాపు అంతకుముందు ఎవరి కంటా పడలేదనుకోవడం కష్టం. అదృష్టం కలిసొచ్చిందని స్టీవెన్స్ గురించి అంటారు. నేను ఒప్పుకోను. ఎలుక ఎవరికైనా దొరుకుతుంది. దొరికాక ఏం చెయ్యాలో తెలియడం వేరు.

ఆయన చేసింది ఇది. పెద్ద గడ్డల్ని వదిలేసి చిన్నవాటి కోసం వెతికారు. ఆ చిన్నవాటికన్నా చిన్నవాటి కోసం, వాటికీ ముందున్నవాటి కోసం వెతికారు. ఎదిగిన ఎలుక నుంచి అప్పుడే పుట్టిన పిల్లకు, పుట్టిన పిల్ల నుంచి కడుపులో ఉన్న పిండానికి వెళ్లారు. ఎలుక గర్భం మోసేది పందొమ్మిది, ఇరవై రోజులే. పిండం వృషణాన్ని తీసి, రసాయనంలో నిలవ చేసి, మైనంలో దిమ్మగా పోసి, మైక్రోటోమ్ మీద పల్చటి పొరలుగా తరిగి, ఒక్క పొరా జారిపోకుండా వరసగా గాజుపలకల మీద పరిచి, రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద మొదటి పొర నుంచి చివరి పొరదాకా చూడాలి. ఒక వృషణం చూడటానికే పెద్ద కట్ట పలకలు. నూటికి తొంభై తొమ్మిదిసార్లు అన్నీ మామూలుగానే ఉంటాయి. అయినా ప్రతి పొరనూ ఈసారి ఉంటుందేమో అన్నంత శ్రద్ధగానే చూడాలి, ఎందుకంటే వెతుకుతున్నది కొన్ని కణాల గుంపు మాత్రమే. ఒక్క పొర జారిపోతే అదీ జారిపోతుంది.

1962లో ఆ శ్రమ ఫలించి అచ్చయింది. పదిహేను రోజుల పిండంలోనే, వీర్యకణాలు తయారు కావలసిన సన్నటి నాళికల లోపల, ఇంకా ఏ రూపమూ తీసుకోని కణాల చిన్న గుంపులు ఆయనకు దొరికాయి. అవి కండరమూ కావు, నరమూ కావు. చూడటానికి, గర్భాశయం గోడకు అప్పుడే అంటుకున్న అయిదారు రోజుల పిండంలోని కణాల్లా ఉన్నాయి. ఆ పోలికను గుర్తుపట్టడానికి రెండు రకాల చూపు కావాలి. గడ్డల్ని కోసే రోగశాస్త్రజ్ఞుడికి అయిదు రోజుల పిండం ఎలా ఉంటుందో తెలియకపోవచ్చు, పిండశాస్త్రజ్ఞుడు గడ్డల జోలికి పోడు. స్టీవెన్స్ రెండింటినీ రోజూ చూసేవారు.

ఇక్కడ ఇంకో పాయ కూడా కలిసింది. ఆ గడ్డల్లో చాలావాటిలో కణాలన్నీ కాలక్రమంలో ఎముకగానో కండరంగానో ముదిరిపోయి, పెరగడం ఆగిపోతుంది. కొన్నిట్లో మాత్రం ఆ రూపం లేని కణాలు మిగిలిపోతాయి. అలాంటి గడ్డలోని ముక్కను అదే వంశపు ఇంకో ఎలుకలో నాటితే అక్కడా పెరుగుతుంది. దాన్నుంచి మరోదానికి, అలా ఏళ్ల తరబడి. పొట్టలో నాటినప్పుడు నీరు చేరి, ఆ నీటిలో గుండ్రటి చిన్న గుళికలు వేలకొద్దీ తేలడం చూశారాయన. కోసి చూస్తే లోపల రూపం లేని కణాలు, వాటిచుట్టూ ఒక పొర. అచ్చం చిన్న పిండంలా. వాటిని ఎంబ్రియాయిడ్ బాడీలు అంటారు. ఒక్కొక్క గుళికకూ ఎన్ని రకాల కణజాలాలుగా మారే శక్తి ఉందో పరీక్షించి 1960లో ప్రచురించారు. 1964లో క్లీన్‌స్మిత్, బ్యారీ పియర్స్ అనే పరిశోధకులు ఒక అడుగు ముందుకెళ్లి, ఒకే ఒక్క కణాన్ని ఎలుకలో నాటి, దాన్నుంచి అన్ని రకాల కణజాలాలూ ఉన్న గడ్డ పెరగడం చూపించారు. ఒక కణం తనలాంటి కణాలనూ పుట్టిస్తుంది, ఎముకగా నరంగా మారే కణాలనూ పుట్టిస్తుంది. మూలకణం అంటే అదే.

స్టీవెన్స్‌కు మాత్రం మొదటి ప్రశ్నే ముఖ్యం. ఈ గుంపులు ఎవరి సంతానం? నాళికల్లో ఉండేవి రెండు రకాల కణాలు. ఒకటి బీజకణాలు, ఇవి వృషణంలో పుట్టవు, పిండంలో మరో చోట ఏడో రోజు ప్రాంతంలో కనిపించి, పేగు గోడ వెంబడి నడుచుకుంటూ పదీ పదకొండో రోజుకల్లా జననగట్టు అనే చిన్న ఉబ్బులోకి చేరతాయి. రెండోది ఆ గట్టుకు సొంతమైన కణాలు. టెరటోమా బీజకణం నుంచి వస్తుందా, గట్టు కణం నుంచి వస్తుందా, లేక దారితప్పిన పిండకణం ఏదైనా అక్కడ చిక్కుకుందా?

1964లో ఆయన వాడిన ఉపాయం చూడండి. పన్నెండు రోజుల పిండంలోని జననగట్టు బియ్యపు నూకకన్నా చిన్నది. దాన్ని పిండం నుంచి వేరుచేసి, మత్తులో ఉన్న పెద్ద ఎలుక పొట్టను కొద్దిగా తెరిచి, వృషణాన్ని బయటికి తీసి, దాని పైపొరకు చిన్న గాటు పెట్టి, సన్నటి గాజుగొట్టంతో లోపలికి జార్చాలి. మళ్లీ వృషణాన్ని యథాస్థానంలో పెట్టి కుట్టెయ్యాలి. కొన్ని వారాల తర్వాత చూస్తే, నాటిన గట్టు అక్కడే పెరిగి వృషణంగా మారి ఉంటుంది. ఆశ్చర్యం ఏమిటంటే, 129 వంశపు గట్లలో అత్యధికం టెరటోమాలు పట్టుకొచ్చాయి. నూటికి ఒకటిగా ఉన్న లెక్క ఒక్కసారిగా తిరగబడింది. పదమూడు రోజులు దాటిన పిండం నుంచి తీసిన గట్టును నాటితే మాత్రం టెరటోమాలు బాగా తగ్గిపోయాయి. అంటే గడ్డకు బీజం పడేది పన్నెండు, పదమూడో రోజుల మధ్యే, ఆ తలుపు ఆ తర్వాత మూసుకుపోతుంది. నూటికి ఒక గడ్డ కోసం పలకలు తిరగేసిన మనిషి, కావలసినప్పుడు కావలసినన్ని గడ్డల్ని తన చేత్తో పుట్టించే స్థితికి చేరారు.

అక్కడితో ఊరుకోలేదు. నాటిన చోటు ముఖ్యమా అని కూడా అడిగారు. వృషణం మామూలుగా పొట్టకు బయట, ఒంటి వేడికన్నా చల్లగా ఉండే చోట ఉంటుంది. కొన్ని ఎలుకల్లో వృషణాన్ని పొట్టలోనే ఉండేలా చేసి అందులో గట్టును నాటారు. టెరటోమాలు తగ్గాయి. కొద్దిపాటి వేడి తేడా కూడా ఒక కణం దారిని మార్చగలదన్నమాట. ఇలాంటి చిన్న ప్రశ్నల్ని ఎవరూ అడగమని చెప్పరు. అవి పని మీద ప్రేమ ఉన్నవాళ్లకే తోస్తాయి.

ఆయన పనంతటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది 1967 నాటి ప్రయోగం. పేరు తెచ్చినవి వేరే ఉన్నాయి, నాకు మాత్రం ఇదే. ఎలుకల్లో స్టీల్ అనే ఉత్పరివర్తనం ఉంది. దాని నకలు ఒకటే ఉంటే బొచ్చు రంగు పలచబడుతుంది. రెండు నకళ్లూ అదే అయితే మూడు చోట్ల దెబ్బ తగులుతుంది: బొచ్చుకు రంగునిచ్చే కణాలు, రక్తాన్ని తయారుచేసే కణాలు, బీజకణాలు. అలాంటి పిండం రక్తం చాలక పుట్టకముందే చనిపోతుంది. దాని జననగట్టులో బీజకణాలు దాదాపు ఉండనే ఉండవు. ఆ గట్టు మిగతా అన్నిట్లోనూ మామూలు గట్టే. పట్టి పట్టి చేతితో ఏరినా ఇంత శుభ్రంగా బీజకణాల్ని తీసెయ్యడం ఎవరికీ సాధ్యం కాదు. జన్యువు ఆ పని చేసిపెడుతుంది.

స్టీవెన్స్ ఈ స్టీల్‌ను 129 వంశంలోకి జతల ద్వారా తీసుకొచ్చారు. ఒక నకలున్న ఆడదాన్నీ మగదాన్నీ కలిపితే మెండెల్ లెక్క ప్రకారం పిండాల్లో నాలుగో వంతుకు రెండు నకళ్లూ వస్తాయి. ఒకే తల్లి కడుపులోని పిల్లల గట్లను తీసి నాటారు. బతకలేని పిండం గట్టు కూడా పెద్ద ఎలుక వృషణంలో బతికి పెరుగుతుంది. చనిపోయేది పిండం, గట్టు కాదు. చివరికి పొరలు కోసి చూస్తే, బీజకణాలున్న గట్లలో ఎప్పట్లాగే టెరటోమాలు వచ్చాయి. బీజకణాలు లేని గట్లు వృషణంగా పెరిగాయి గానీ వాటిలో ఒక్కదాంట్లో కూడా టెరటోమా లేదు. ఎన్నో ఏళ్లుగా సాగిన వాదన అక్కడితో తేలిపోయింది. ఒకే తల్లి, ఒకే రోజు, ఒకే చెయ్యి, ఒకే రకం నాటడం. తేడా ఒక్క జన్యువు. ఇంతకన్నా ముచ్చటైన అల్లిక ఉన్న ప్రయోగాలు ఆ కాలపు జీవశాస్త్రంలో వెతికితే ఏవో కొన్ని దొరుకుతాయి, అంతే.

ఆ స్టీల్ జన్యువు తయారుచేసే ప్రోటీన్ ఏమిటో 1990లో తెలిసింది. రక్తపు మూలకణాలకూ బీజకణాలకూ బతికుండమని సంకేతమిచ్చే పదార్థం అది. దానికి స్టెమ్ సెల్ ఫ్యాక్టర్ అనే పేరు కూడా ఉంది.

బీజకణం అపరిపక్వ పిండకణంలా ప్రవర్తిస్తోందని తేలాక, ఆయన మరో అడుగు వెనక్కి వేశారు. అసలు పిండాన్నే నాటితే? మూడు రోజుల పిండాల్నీ, ఆరు రోజుల పిండాల్నీ తీసి పెద్ద ఎలుకల వృషణాల్లో పెట్టారు. గర్భాశయంలో ఉంటే అవి ఎలుకపిల్లలయ్యేవి. చోటు మారేసరికి వరస తప్పి టెరటోమాలయ్యాయి, వాటిలో కొన్ని ఆగకుండా పెరిగే, ఒక ఎలుక నుంచి మరోదానికి నాటగలిగే క్యాన్సర్ గడ్డలయ్యాయి. 1970లో అచ్చయిన ఈ పత్రం మూలకణాల చరిత్రలో మలుపు. ఆ గడ్డల్లోని అలుపెరగని కణం మామూలు పిండంలో ఉన్న కణమేనని, అది చెడిపోయిన కణం కాదని ఇది చెప్పకనే చెప్పింది. అలాంటప్పుడు గడ్డ మధ్యవర్తిత్వం లేకుండా పిండం నుంచే ఆ కణాన్ని పట్టుకుని గాజుపాత్రలో పెంచవచ్చు కదా అన్న ఆలోచన చదివినవాళ్ల బుర్రలో మెదలక మానదు.

ఆ పిండాల్లో ఒకదాని కథ చివరిదాకా చెప్పాలనిపిస్తుంది. 1967లో ఆరు రోజుల పిండం నుంచి స్టీవెన్స్ పుట్టించిన గడ్డకు ఓటీటీ6050 అని పేరు. అది ఎనిమిదేళ్లపాటు ఎలుకల పొట్టల్లో నీటిగుళికలుగా, ఒకదాన్నుంచి ఒకదానికి మారుతూ, దాదాపు రెండు వందల తరాలు సాగింది. పోయిన చోటల్లా ఎలుకను చంపే క్యాన్సర్ అది. ఫిలడెల్ఫియాలోని ఫాక్స్ చేజ్ క్యాన్సర్ పరిశోధన సంస్థలో బీట్రిస్ మింట్జ్, కార్ల్ ఇల్మెన్‌సీ ఆ గుళికల నడిమి కణాల్ని తీసి, వేరే రంగు ఎలుకల తొలిదశ పిండాల్లోకి, బ్లాస్టోసిస్ట్‌లలోకి, సన్నటి సూదితో ఎక్కించి ఆడ ఎలుకల గర్భాశయాల్లో పెట్టారు. 1975లో వాళ్లు ప్రచురించిన ఫలితం: 93 ఎలుకలు, అన్నీ ఆరోగ్యంగా. అప్పటికి పరీక్షించిన 14లో మూడు, రెండు రకాల కణాలు కలగలిసిన ఎలుకలు. వాటి ఒంట్లో ఎన్నో భాగాలు ఆ గడ్డ కణాల నుంచి వచ్చినవే. క్యాన్సర్ కణాలు రక్తంలో హిమోగ్లోబిన్‌నూ, కాలేయంలో కాలేయపు ప్రోటీన్లనూ బుద్ధిగా తయారుచేస్తున్నాయి.

వాటి బొచ్చు రంగులో మింట్జ్‌కు అనుకోనిది కనిపించింది. స్టీల్. ఆ గడ్డ కణాల్లో స్టీల్ ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. గడ్డను పుట్టించిన పిండం స్టీవెన్స్ స్టీల్ కలిపిన 129 కుటుంబంలోది. ఆయన వేరే ప్రశ్న కోసం కలిపిన జన్యువు, ఎనిమిదేళ్లు క్యాన్సర్‌లో ఎవరికీ కనపడకుండా ఉండి, ఒక ఆరోగ్యవంతమైన ఎలుక ఒంటి మీద రంగుగా బయటపడింది. అంతేకాదు, ఆ ఎలుక వీర్యకణాల్లో కూడా గడ్డ కణాల సంతతి ఉంది. పిల్లలకు స్టీల్ సంక్రమించింది. గడ్డ కణం బీజకణమై తండ్రి అయింది. ఈ పత్రాన్ని ఎన్నిసార్లు చదివినా ఆ చోట నా ఒళ్లు జలదరిస్తుంది.

మింట్జ్‌కు ఓటీటీ6050 ఎలా చేరిందో మిగతావాళ్లకూ అలాగే చేరింది: అడిగితే స్టీవెన్స్ పంపించారు. లండన్‌లో ఉన్న మార్టిన్ ఎవాన్స్‌కు ఆయన ఎలుకలు వెళ్లాయి. పారిస్‌లోని పాస్చర్ సంస్థలో, 1965లో నోబెల్ అందుకున్న ఫ్రాన్సువా జాకబ్ బృందం ఓటీటీ6050 నుంచి గాజుపాత్రల్లో పెరిగే కణాల్ని తయారుచేసుకుంది. ఎవాన్స్ దగ్గర పనిచేసిన గేల్ మార్టిన్ ఆ కణాల్ని పెంచే నేర్పు సంపాదించి అమెరికా తిరిగొచ్చారు. 1981లో కేంబ్రిడ్జ్‌లో ఎవాన్స్, మాథ్యూ కాఫ్‌మన్, శాన్ ఫ్రాన్సిస్కోలో గేల్ మార్టిన్, ఎవరికి వారుగా, ఎలుక పిండం నుంచే మూలకణాల్ని నేరుగా తీసి పెంచగలిగారు. ఎవాన్స్ వాడింది 129 వంశపు పిండాలే. ఆ కణాల్లో జన్యువును మార్చి నాకౌట్ ఎలుకల్ని పుట్టించే విద్యకు 2007లో కపెకీ, ఎవాన్స్, స్మితీస్‌లకు నోబెల్ ఇచ్చారు. స్టీవెన్స్‌కు రాలేదు. బహుమతి ముగ్గురికే ఇస్తారు, వాళ్ల అర్హతను నేను ప్రశ్నించను. అయితే ఆ దారిలో మొదటి రాయి దగ్గర్నుంచి చాలా రాళ్లు పాతింది ఎవరో తెలుసుకోవాల్సిన బాధ్యత చదివేవాళ్ల మీద ఉంది.

తన ఎలుకల్ని పంచిపెట్టాక కూడా ఆయన కొత్తవాటి వెంట పడ్డారు. ఎల్‌టీ అనే మరో వంశంలో ఆడ ఎలుకల అండాశయాల్లో టెరటోమాలు వస్తున్నాయి. సహచరుడు డాన్ వార్నమ్‌తో కలిసి 1974లో చూపించిందేమిటంటే, ఆ వంశంలో అండం వీర్యకణం తాకకుండానే, అండాశయంలో ఉండగానే, విభజన మొదలుపెట్టి కొన్ని రోజుల పిండందాకా బాగానే పెరుగుతుంది, ఆ తర్వాత గతి తప్పి గడ్డవుతుంది. మూడు నెలలు నిండేసరికి దాదాపు సగం ఆడ ఎలుకల్లో ఇది కనిపిస్తుంది. తండ్రి జన్యువులు లేకుండా పిండం ఎందుకు పూర్తికాలేదో 1984లో ఇతరులు చేసిన ప్రయోగాలతో స్పష్టమైంది.

ఇంకొకటి, 129లోనే ఒక ఉపవంశం. అందులో పుట్టుకతో వచ్చే వృషణ టెరటోమాలు నూటికి ముప్పైదాకా ఉండటం గమనించి, 1973లో దాన్ని ప్రత్యేక వంశంగా ప్రకటించారు. టెర్ అనే ఉత్పరివర్తనం దానికి కారణం. రెండు నకళ్లూ టెర్ అయిన మగ ఎలుకల్లో 94 శాతానికి గడ్డలొస్తాయని జపాన్ పరిశోధకులు తర్వాత లెక్కతేల్చారు. టెర్ దెబ్బతీసింది ఏ జన్యువునో 2005దాకా తెలియలేదు: డెడ్ ఎండ్ అనే జన్యువు. అది పాడైతే చాలా వంశాల్లో బీజకణాలు చచ్చిపోయి ఎలుకకు సంతానం కలగదు, అంతే. 129లో మాత్రం చావు తప్పించుకున్న కొద్ది కణాలు గడ్డలవుతాయి. 129లో ఉన్న ఆ ప్రత్యేకత ఏ ఒక్క జన్యువులోనూ లేదు, చాలావాటిలో పంచబడి ఉంది.

టెరటోమా ఇప్పుడు రోజువారీ పరీక్షగా మారిపోయింది. 1998లో జేమ్స్ థామ్సన్ మనిషి పిండ మూలకణాల్ని తీసినప్పుడూ, 2006లో యమనాక, తకహాషి చర్మపు కణాల్ని వెనక్కి తిప్పి మూలకణాలుగా మార్చినప్పుడూ, ఇవి నిజంగా అన్నిటిగా మారగలవా అన్న ప్రశ్నకు సాక్ష్యం చూపింది ఒకే పద్ధతిలో: ఎలుకలో నాటారు, టెరటోమా పెరిగింది, కోసి చూసి అందులో పిండపు మూడు మూల పొరలకూ చెందిన కణజాలాలు ఉన్నాయని చూపించారు. మూలకణాల్ని వైద్యంలో వాడాలనుకునేవాళ్లకు అదే టెరటోమా పెద్ద భయం కూడా. రోగి ఒంట్లోకి ఎక్కించేముందు రూపం తీసుకోని కణం ఒక్కటీ మిగలకూడదు. ఒక్కటి చాలని 1964లోనే తేలింది.

ఆయన పని మిగిల్చిన ఒక చిక్కు కూడా చెప్పాలి. స్టీవెన్స్ కుటుంబపు ఎలుకల్ని 129/ఎస్‌వీ అని రాసేవారు, ఎస్‌వీ ఆయన పేరుకు గుర్తు. ఆయన స్టీల్‌నూ ఇతర రంగు జన్యువులనూ బయటి వంశాల నుంచి కలపడంతో, కొన్ని చోట్ల పొరపాటు జతలు కూడా కలవడంతో, 129 అన్న ఒకే పేరు కింద జన్యువుల్లో తేడాలున్న చాలా కుటుంబాలు తయారయ్యాయి. నాకౌట్ ఎలుకలు చేసేవాళ్లకు ఇది ముఖ్యమైన విషయం. కణంలోకి పంపే డీఎన్ఏ ఆ కణపు డీఎన్ఏతో అక్షరం అక్షరం సరిపోతేనే మార్పు బాగా పడుతుంది. 1997లో ఈ తేడాల్ని వివరంగా బయటపెట్టారు, 1999లో పేర్లన్నీ సరిచేశారు. ఇప్పుడు పంజరం మీది చీటీలో 129 పక్కన పీ ఉంటే పాత మూలవంశం, ఎస్ ఉంటే స్టీల్ కుటుంబం, టీ ఉంటే టెరటోమా కుటుంబం, ఎక్స్ ఉంటే మరో వంశం పొరపాటున కలిసిందని అర్థం. ప్రయోగం మొదలుపెట్టేముందు ఆ అక్షరం చూసుకోవాలి.